నీటికాసుల మందు కోసం జెల్‌లో పెంచుతున్న కంటి జల్లెడ

[తెర మీద: కంటి అడ్డుకోత బొమ్మ. కార్నియా, ఐరిస్ కలిసే మూలకి జూమ్.]

బయటికి కారే కన్నీళ్లు వేరు, కంటి లోపల ఊరే నీరు వేరు. లోపలిది నిమిషానికి సుమారు 2 మైక్రోలీటర్లు ఊరుతుంది. ఒక్క ఐ డ్రాప్ చుక్కంత ఊరడానికి దాదాపు 20 నిమిషాలు! ఊరినదంతా ఎప్పటికప్పుడు బయటికి పోవాలి. ఎక్కువ భాగం పోయేది ఈ మూలలోని సన్నని జల్లెడ గుండానే. దీన్నే ట్రాబెక్యులర్ మెష్‌వర్క్ అంటారు. ఇది గట్టిపడితే నీరు సరిగా పోదు, ప్రెషర్ పెరుగుతుంది, కంటి నరం దెబ్బతింటుంది. నీటికాసుల్లో, అంటే గ్లాకోమాలో, పోయిన చూపు మళ్లీ రాదు.

అయితే చాలాకాలంగా మనం వాడే చుక్కల్లో ఎక్కువ భాగం నీటి ఊటను తగ్గించేవో, నీటిని వేరే దారి పట్టించేవో. జల్లెడ కణాల మీదే నేరుగా పనిచేసే నెటార్సుడిల్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 2017లో.

[తెర మీద: ల్యాబ్ ప్లేటు.]

ఇంత ఆలస్యం ఎందుకు? పరీక్ష కోసం బతికున్న మనిషి కంట్లోంచి జల్లెడ కోసి తీయలేం. దాతల కార్నియా మార్పిడికి వాడాక మిగిలే అంచులోంచి ఆ కణాలు దొరుకుతాయి. కానీ గట్టి ప్లాస్టిక్ మీద పెంచితే అవి కంట్లో ఉన్నట్టు ప్రవర్తించవు. అసలు చిక్కు ఇదే.

న్యూయార్క్ రాష్ట్రంలోని సునీ అప్‌స్టేట్ మెడికల్ యూనివర్సిటీలో శామ్యూల్ హెర్బర్గ్ బృందం 2021లో ప్రచురించిన పద్ధతి చూడండి. కొలాజెన్, ఎలాస్టిన్ లాంటి ప్రొటీన్, హయాలురోనిక్ యాసిడ్. ఈ మూడింట్లో దాత కణాలు కలిపి, అతినీలలోహిత కాంతి పడేస్తే మెత్తని జెల్ అయిపోతుంది.

[తెర మీద: గుండ్రటి జెల్ కుంచించుకుపోతున్న యానిమేషన్.]

జబ్బు పడ్డ జల్లెడలా మార్చడానికి దానికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు. కణాల్లో యాక్టిన్ తాళ్లు, అంటే కణాన్ని బిగించే సన్నని ప్రొటీన్ పోగులు, పెరిగాయి, జెల్ ముడుచుకుంది, గట్టిపడింది. ఆ బిగింపుకు తోడ్పడే ఎంజైమ్ రో కైనేజ్‌ను అడ్డుకునే మందు ఇస్తే సడలింది. నెటార్సుడిల్ కూడా ఆ కోవలోదే.

మధ్యలో ఒక మాట: కళ్లు ఎర్రబడితే మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో ఇదే స్టెరాయిడ్ ఉండొచ్చు. డాక్టర్‌ని అడగకుండా నెలల తరబడి వేసుకోకండి. కొందరికి ప్రెషర్ పెరుగుతుంది, నొప్పి లేకపోవడంతో తెలియను కూడా తెలియదు.

ఇక లోపాలు. జెల్ ముద్దలో కంట్లోలాగా నీటి ప్రవాహం ఉండదు. న్యూయార్క్ రాష్ట్రంలోనే ఉన్న ఆల్బనీలో కారెన్ టొరెజాన్ బృందం 2013లోనే సన్న రంధ్రాల పలక మీద కణాలు పెంచి, దాని గుండా ద్రవం పంపి చూసింది. జెల్ మెత్తదనం, ద్రవ ప్రవాహం, ఈ రెండు గుణాలూ ఒకే నమూనాలో కలవాలి. పైగా దాత మారితే ఫలితమూ మారొచ్చు. ఒక్క దాత కణాలతో 'మందు పనిచేసింది' అని ఎవరన్నా, నేనైతే ఇంకో నలుగురి కణాలతో చూపించమంటాను.