గ్రూప్ బి స్ట్రెప్ టైపింగ్: ప్రైమర్లను అనుమానించే ముందు కాలనీని చూడండి

గ్రూప్ బి స్ట్రెప్ బ్యాక్టీరియా ఏ ఉపరకమో (సీరోటైప్) తేల్చడానికి సీరోటైపింగ్ పీసీఆర్, అంటే దాని డీఎన్ఏ ముక్కల్ని పెంచి చూసే పరీక్ష, చేశారు. ఆ ముక్కల్ని సైజు వారీగా విడదీసే జెల్ మీద ఒకే లేన్‌లో (ఒక నమూనా వరసలో) రెండు సీరోటైప్‌ల బ్యాండ్లు (గీతలు) కనిపిస్తున్నాయి. చాలామంది ముందుగా తప్పుపట్టేది ప్రైమర్లనే, అంటే ఏ ముక్కని పెంచాలో పీసీఆర్‌కి చూపే చిన్న డీఎన్ఏ పోగుల్నే. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. మీరు డీఎన్ఏ తీసింది నిజంగా ఒకే కాలనీ (ప్లేట్ మీద ఒక్క కణం నుంచి పెరిగిన బ్యాక్టీరియా చుక్క) నుంచేనా?

గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్, మనం జీబీఎస్ అని పిలిచే బ్యాక్టీరియా, గర్భిణుల్లో దాదాపు ఐదుగురిలో ఒకరి పేగుల్లోనో యోనిలోనో ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉంటుంది. ప్రమాదం ఎక్కువగా పుట్టే బిడ్డకే. ఈ బ్యాక్టీరియా కొన్ని వారాల్లో పోవచ్చు, మళ్లీ రావచ్చు కూడా. అందుకే ముందెప్పుడో కాకుండా 36, 37 వారాల్లో పరీక్షిస్తారు.

స్వాబ్‌కి స్పెక్యులమ్ (యోనిని తెరిచి పట్టే పరికరం) అక్కర్లేదు. ముందు యోని కింది భాగంలో తిప్పి, అదే స్వాబ్‌ని మలద్వారపు కండర వలయం దాటేదాకా లోపలికి పంపాలి. ఈ రెండో భాగాన్ని మొహమాటంతో వదిలేస్తే చాలామంది వాహకులు నెగెటివ్‌గా తేలతారు, ఎందుకంటే దీని అసలు నివాసం పేగు.

తర్వాత ఎన్‌రిచ్‌మెంట్, అంటే స్వాబ్‌లోని జీబీఎస్‌ని పెంచే దశ. టాడ్ హెవిట్ బ్రాత్‌లో (బ్యాక్టీరియాని పెంచే ద్రవంలో) మిల్లీలీటరుకు 8 మైక్రోగ్రాముల జెంటామైసిన్, 15 మైక్రోగ్రాముల నాలిడిక్సిక్ యాసిడ్ కలిపి, 35 నుంచి 37 డిగ్రీల దగ్గర 18 నుంచి 24 గంటలు ఉంచుతారు. ఈ యాంటీబయాటిక్‌లతో పేగులోని గ్రామ్ నెగెటివ్ గుంపు (పోటీపడే ఇతర బ్యాక్టీరియా) అణిగితే జీబీఎస్ పైకొస్తుంది. వాహకుల్ని పట్టుకోవడానికి ఇది తప్పనిసరి. టైపింగ్‌కి మాత్రం ఇందులో ఒక చిక్కుంది. ఒకే స్త్రీలో రెండు రకాలుంటే, బ్రాత్‌లో వేగంగా పెరిగేది రెండోదాన్ని కప్పేస్తుంది. అధ్యయనం కోసం చేస్తుంటే స్వాబ్‌ని బ్రాత్‌లో వేయకముందే ఒక ప్లేట్ మీద కూడా గీయండి.

5 శాతం గొర్రె రక్తమున్న బ్లడ్ అగర్ మీద కాలనీ చుట్టూ సన్నటి బీటా హీమోలిసిస్ వలయం (ఎర్ర రక్తకణాలు పగిలి తేటపడిన చోటు) కనిపిస్తుంది. వలయం లేని జీబీఎస్ కూడా కొద్ది శాతం ఉంటుంది, వాటిని చెత్తలో వేయొద్దు. ఒక్క కాలనీతో సరిపెట్టకుండా నాలుగైదు తీసి, ఒక్కోదాన్ని విడిగా మళ్లీ గీసి శుద్ధి చేయండి. ఈ ఒక్క రోజు ఓపిక పడితే రెండు బ్యాండ్ల గొడవ చాలావరకు తీరిపోతుంది.

డీఎన్ఏ తీసే దగ్గరికొస్తే, దీని కణగోడ మందం. ఉత్త మరిగింపుతో ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. కణగోడని కరిగించే మ్యుటనోలైసిన్, ఆపైన ప్రోటీన్లను విరగ్గొట్టే ప్రోటీనేజ్ కె వాడితే నిలకడగా వస్తుంది. కాలనీతో పాటు అగర్‌ని గీకకండి. అందులోని హీమోగ్లోబిన్ పీసీఆర్‌ని ఆపేస్తుంది, మీరేమో బ్యాక్టీరియా లేదనుకుంటారు.

గుళిక (బ్యాక్టీరియా చుట్టూ ఉండే చక్కెరల తొడుగు) ఆధారంగా సీరోటైప్‌లు 10: 1ఎ, 1బి, తర్వాత 2 నుంచి 9 వరకు. ఏ బ్యాండూ రాకపోతే వెంటనే నాన్‌టైపబుల్ (ఏ సీరోటైపో తేలనిది) అని రాయకూడదు. ముందు అది జీబీఎస్ అవునో కాదో తేల్చాలి. జీబీఎస్‌ని గుర్తుపట్టడానికి పీసీఆర్‌లో అందరూ వాడే సీఎఫ్‌బీ జన్యువు కొన్ని జీబీఎస్‌లలో ఊడిపోయి ఉంటుంది కాబట్టి లేటెక్స్ గ్రూపింగ్ (యాంటీబాడీలతో గ్రూప్‌ని తేల్చే పరీక్ష) కూడా చేసి చూడండి.

సీరోటైప్ దగ్గరే ఆగితే సగం కథే తెలుస్తుంది. సీరోటైప్ 3లో ఎస్‌టీ-17 ఉంటుంది, ఎస్‌టీ-19 కూడా ఉంటుంది (ఎస్‌టీ అంటే సీక్వెన్స్ టైప్, జన్యువుల వరుసని బట్టి ఇచ్చే వంశం నంబరు). నవజాత శిశువుల మెనింజైటిస్‌తో (మెదడు పొరల వాపుతో) గట్టిగా ముడిపడింది ఎస్‌టీ-17. ఆ వంశంలోనే సీరోటైప్ 4 గుళిక తొడుక్కున్నవి కూడా దొరికాయి. కాబట్టి ఎస్‌టీ తేల్చడానికి ఏడు జన్యువుల ముక్కలు చదివే ఎంఎల్‌ఎస్‌టీ పద్ధతి కావాలి. ఒక్కో ముక్క సుమారు 500 బేసులు, రెండు పోగులూ చదవాలి. ఒక్క బేసు తప్పు చదివినా లేని కొత్త ఎస్‌టీ పుడుతుంది. క్రోమాటోగ్రామ్‌లో (ఒక్కో బేసుకి ఒక్కో శిఖరం చూపే గ్రాఫులో) ఒకేచోట రెండు శిఖరాలు లేచాయంటే మళ్లీ కాలనీ దగ్గరికే వెళ్లాలి.

తల్లికీ బిడ్డకీ ఒకే ఎస్‌టీ వస్తే సంక్రమణ రుజువైనట్టు కాదు. ఎస్‌టీ-17 చాలాచోట్ల ఉన్నదే. అది తేల్చాలంటే పూర్తి జీనోమ్ పోల్చాలి.

ఏ టైప్ వచ్చినా కాన్పు సమయపు మందు మారదు. పెనిసిలిన్ జి ముందుగా 50 లక్షల యూనిట్లు, తర్వాత బిడ్డ పుట్టేదాకా 4 గంటలకోసారి 25 నుంచి 30 లక్షలు సిరలోకి ఇస్తారు. టైపింగ్ ఫలితం కోసం దీన్ని ఆపకూడదు. పెనిసిలిన్ పడక తీవ్ర అలర్జీ ఉన్నవారికి మాత్రం ల్యాబ్ మాట కీలకం, ఎందుకంటే బదులుగా క్లిండామైసిన్ పనిచేస్తుందో లేదో చెప్పేది అదే. జీబీఎస్ పరిచిన ప్లేట్ మీద ఎరిత్రోమైసిన్, క్లిండామైసిన్ డిస్కులను (మందు అద్దిన కాగితపు బిళ్లలను) 12 మిల్లీమీటర్ల ఎడంలో పెట్టండి. క్లిండామైసిన్ చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం ఎరిత్రోమైసిన్ వైపు చదునై డి ఆకారంలో కనిపిస్తే, రిపోర్టులో క్లిండామైసిన్‌కి నిరోధకత ఉందనే రాయాలి.