రంగు పోయింది సరే, ఎక్కడికి పోయింది?

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద రెండు గాజు గ్లాసులున్నాయి. ఉదయం రెండింటిలోనూ ఒకే నీళ్లు పోశాను. సూది మొన మీద నిలిచేంత మిథిలీన్ బ్లూ అనే నీలం రంగు కలిపిన నీళ్లు. మొదటిది ఇంకా నీలంగానే ఉంది. రెండోదానిలో మన విద్యార్థులు వేరుశనగ పొట్టుతో చేసిన బొగ్గు పొడి చెంచాడు వేసి, కలిపి, వడగట్టారు. నీళ్లు తేటపడ్డాయి. ఇక్కడితో ఆపేస్తే మీరు చప్పట్లు కొడతారు, నేను కూర్చుంటాను. కానీ వడపోత కాగితం మీద మిగిలిన ఆ బొగ్గు మీద ఇప్పుడు కాస్త స్పిరిట్ పోస్తున్నాను. ముందు వరుసలో ఉన్నవాళ్లు గిన్నెలోకి దిగుతున్న చుక్కలను చూడండి. నీలం తిరిగొస్తోంది.

నీటిని శుద్ధి చేశామని ఎవరు చెప్పినా నేను వేసే ప్రశ్న ఒక్కటే: తీసేసినది ఎక్కడ ఉంది?

బొగ్గు చేసిన పనిని అధిశోషణం అంటారు. శోషణం వేరు, ఇది వేరు. రొట్టె పులుసులో నానితే అది శోషణం. బెల్లం ముక్కకు ఈగలు ముసిరితే అది అధిశోషణం. లోపలికి పీల్చుకోవడం కాదు, ఒంటికి అంటించుకోవడం. అందుకే ఇక్కడ బరువు కన్నా ఒంటి వైశాల్యం ముఖ్యం. బాగా తయారైన ఉత్తేజిత బొగ్గు ఒక గ్రాము తీసుకుంటే, దాని సన్నని రంధ్రాల గోడలన్నీ పరిచినప్పుడు సుమారు 1000 చదరపు మీటర్లు వస్తుంది. మన లెక్కలో దాదాపు పది గుంటలు. ఏ పాసుపుస్తకంలోనూ ఎక్కని భూమి అది! పాలమూరు వేరుశనగ పొట్టు, నల్గొండ పత్తి కట్టె, మిర్యాలగూడ మిల్లుల ఊక బూడిద, ఇవన్నీ ఈ పనికి ముడిసరుకులే. ముడిసరుకుకు మనకు కొదవ లేదు. అయితే ఆ పది గుంటలూ ఒక రోజు నిండిపోతాయి. అప్పుడు ఆ బొగ్గును వేడిచేసి మళ్లీ వాడాలి, లేదా జాగ్రత్తగా కాల్చేయాలి. ఊరి చివర గుంటలో పారబోస్తే కాలుష్యాన్ని బండి మార్చినట్టే.

ఈ పాఠం నల్గొండకు కొత్త కాదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తాగునీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి, అంటే జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, రూపొందించింది. దాని పేరే నల్గొండ టెక్నిక్. టాంజానియా, ఇథియోపియా వాళ్లు కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. మన ఊరి పేరు అలా ప్రపంచానికి తెలిసినందుకు గర్వపడాలో బాధపడాలో నాకు ఇప్పటికీ తెలియదు. పటిక నుంచి పుట్టే అల్యూమినియం హైడ్రాక్సైడు తునకలు ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు చేరతాయి. పైన మంచినీళ్లు, కింద బురద. ఆ బురదను ఏం చేయాలన్నదే అప్పుడూ ఇప్పుడూ తలనొప్పి. ఫ్లోరిన్ మూలకం. దాన్ని ఏ ఉత్ప్రేరకమూ, అంటే తాను ఖర్చుకాకుండా రసాయన చర్యను నడిపించే ఏ పదార్థమూ, ముక్కలు చేయలేదు. పట్టి ఒకచోట బంధించడం తప్ప వేరే దారి లేదు. సీసం, క్రోమియంలాంటి లోహాల సంగతీ అంతే.

రంగుల కథ వేరు. పోచంపల్లిలో, పుట్టపాకలో నూలు చిలపలను రంగులో ముంచి తీశాక, నూలుకు పట్టని రంగు నీళ్లలోనే మిగిలిపోతుంది. అది కర్బన అణువు, విరగ్గొట్టవచ్చు. తరగతిలో ఉత్ప్రేరకాన్ని పెళ్లిళ్ల పేరయ్యతో పోల్చడం మా అధ్యాపకుల అలవాటు. మురుగునీటిలో అది చేసేవి మాత్రం తెగదెంపులు. గోడ రంగుల్లో తెల్లదనం కోసం వాడే టైటానియం డయాక్సైడు మీద అతినీలలోహిత కాంతి పడితే నీటి నుంచి హైడ్రాక్సిల్ రాడికళ్లు అనే మహా చురుకైన అణు తునకలు పుడతాయి. అవి ఎదురైన కర్బన అణువునల్లా కొరికేస్తాయి. ఈ పదార్థం కాంతితో నీటినే విడగొట్టగలదని జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా 1972లో చూపినప్పటి నుంచి ప్రపంచమంతా దీని వెంట పడింది.

చిక్కేమిటంటే, ఎండలో అతినీలలోహిత కాంతి వాటా ఐదు శాతానికి మించదు. మన మే నెల ఎండ అయినా సరే. మామూలు వెలుగులో పనిచేసేవాటి కోసం వెతికితే దొరికిన వాటిలో ఒకటి గ్రాఫిటిక్ కార్బన్ నైట్రైడు. యూరియాను మూతపెట్టిన మూసలో 550 డిగ్రీల దగ్గర వేడిచేస్తే లేత పసుపు పొడిగా మిగులుతుంది. యూరియా బస్తా కోసం వరుసలో నిలబడ్డ రైతు దగ్గర ఈ మాట అనకండి, తంతాడు.

బొగ్గునూ ఉత్ప్రేరకాన్నీ కలిపి ఒకే పొడిగా చేస్తే ఇంకా మేలు. బొగ్గు రంగును పోగుచేస్తుంది, ఉత్ప్రేరకం అక్కడికక్కడే నరుకుతుంది, నిండిన చోటు మళ్లీ ఖాళీ అవుతుంది. దానికి కాస్త మాగ్నటైటు, అంటే అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఆక్సైడు, చేరిస్తే పొడిని అయస్కాంతంతో వెనక్కి లాగవచ్చు. లేకపోతే ఆ సన్నని పొడే నీళ్లతో కొట్టుకుపోయి కొత్త కాలుష్యమవుతుంది.

ప్రాజెక్టులు చేసే పిల్లలకు ఒక మాట. రంగు మాయమైందంటే విషం మాయమైందని కాదు. అజో రంగులు, అంటే రెండు నైట్రోజన్ పరమాణువుల ముడి ఉన్న రంగులు, సగంలో విరిగితే నీళ్లు తేటగా కనిపిస్తాయి, కానీ అందులో మిగిలే ముక్కల్లో, అంటే ఆరోమాటిక్ అమీన్లలో, కొన్ని అసలు రంగు కన్నా ప్రమాదం. అందుకే రంగుతో పాటు మొత్తం కర్బనం ఎంత తగ్గిందో కొలవండి. ఇంకొకటి, స్వేదనజలంలో మిథిలీన్ బ్లూ కలిపి తొంభై తొమ్మిది శాతం సాధించామని రాయడం సులువు. రంగుల తొట్టి నీళ్లలో ఉప్పు, సోడా ఉంటాయి. అందులోని క్లోరైడు, కార్బొనేటు మన రాడికళ్లను దారిలోనే మింగేస్తాయి. పైగా ఆ ఉప్పును బొగ్గూ తీయదు, ఉత్ప్రేరకమూ తీయదు. హైదరాబాద్ నగరం మురుగును మోసుకుంటూ మన జిల్లా దాటి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీ నీళ్లయితే ఇంతకన్నా కలగాపులగం.

ఇంకో రెండు గ్లాసులు మేడ మీద ఎండలో ఉన్నాయి. రెండింటిలోనూ అదే నీలం, అదే టైటానియం పొడి. ఒకదానిలో మాత్రం గుప్పెడు ఉప్పు వేశాం. పదకొండు గంటలకు పెట్టాం, నాలుగింటికి దింపుతాం. రెండూ ఒకేలా ఉండవని నా అనుమానం. మెట్లు ఎడమవైపు ఉన్నాయి, రండి.