పొట్టి కాళ్ల బాంటమ్ గుడ్డులోనే ఎందుకు పోతుంది? జత కట్టేముందు ఇది చూడండి

హాయ్ అండి, నమస్తే. ఇదిగో వీడు మా జపనీస్ బాంటమ్ పుంజు, బాంటమ్ అంటే బుల్లి కోడి, ఈ రకాన్ని చాబో అంటారు, తోక చూడండి తలని దాటిపోయి నిలబడింది, కాళ్లు మాత్రం ఉన్నాయా లేవా అన్నట్టు ఉంటాయి, రెక్కలు నేలకి తగులుతుంటాయి. కిలో కూడా తూగడు, పొగరు మాత్రం పందెం కోడికి తీసిపోదు.

చాలామంది అడిగే ప్రశ్న, అన్నా గుడ్లు బాగానే పెడుతోంది కానీ పొదిగితే కొన్ని లోపలే చచ్చిపోతున్నాయి, ఏం రోగం అని. రోగం కాదండి, జతలో ఉంది తిరకాసు. నేను కూడా మొదట్లో ఇంక్యుబేటర్‌నే తిట్టుకున్నా, 37.5 డిగ్రీలు సరిగ్గా ఉందా లేదా అని రెండు థర్మామీటర్లు కొన్నా, డబ్బులు దండగ.

విషయం ఏంటంటే ఆ పొట్టి కాళ్లకి ఒక జీన్ ఉంటుంది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటే వస్తే కాళ్లు పొట్టిగా వస్తాయి, ఇద్దరి నుంచీ వచ్చిందనుకోండి ఆ పిల్ల గుడ్డులోనే పోతుంది, అదీ చాలా వరకు మొదటి వారంలోనే. అందుకే పొట్టి పుంజుకి పొట్టి పెట్టని వేస్తే సగటున నాలుగింట ఒకటి పోతుంది, రెండు పొట్టివి, ఒకటి పొడుగు కాళ్లది. అదే పొట్టి పుంజుకి పొడుగు కాళ్ల పెట్టని వేయండి, సగం పొట్టివి సగం పొడుగువి, ఈ జీన్ వల్ల చావు ఉండదు. లెక్క చూస్తే పొట్టి పిల్లలు రెండు రకాల్లోనూ సగమే, మరి గుడ్లు ఎందుకు పోగొట్టుకోవడం? రెండూ పొడుగు కాళ్లవైతే మాత్రం పొట్టివి అసలు రావు, అది గుర్తుంచుకోండి.

ఇప్పుడు పొదగేయడం. గుడ్లు వారం కంటే ఎక్కువ దాచకండి, ఫ్రిజ్‌లో అసలు వద్దు, సన్నటి కొన కిందకి పెట్టండి. పెట్ట పొదుగుకొచ్చిందంటే మీకే తెలుస్తుంది, గంపలోంచి లేవదు, చెయ్యి పెడితే ఒళ్లంతా ఉబ్బించి పొడుస్తుంది. గంపలో గడ్డి కింద కాస్త కట్టెల బూడిద చల్లండి, పేలు రాకుండా మా అమ్మమ్మ చేసేది, నేనూ అదే. చిన్న పెట్ట కదా, దాని గుడ్లే ఆరు ఏడు చాలు, ఆశపడి పన్నెండు పెడితే అంచున ఉన్నవి చల్లారిపోతాయి. చీకటి పడ్డాక పెట్టండి.

ఏడో రోజు రాత్రి టార్చ్ వేసి చూడండి. ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తే పిల్ల ఉన్నట్టు, ఏమీ లేకుండా తేటగా ఉంటే పుంజు తగలని గుడ్డు, నెత్తుటి రింగ్ ఒక్కటే ఉంటే లోపల పోయినట్టే, తీసేయండి, లేకపోతే మురిగి పగిలి కంపు.

ఇంచుమించు 20, 21 రోజులకి పిల్లలు వచ్చేస్తాయి. నీళ్ల మూతలో గులకరాళ్లు వేయండి, ఇంత బుల్లి పిల్లలు మూతలో కూడా మునిగిపోతాయి, నేను పోగొట్టుకున్నా. వారం లోపు కంట్లో లసోటా చుక్క, అంటే కొక్కెర తెగులు టీకా, వేయించండి, ఆ తెగులొస్తే ఒక్కటీ మిగలదు.

ఇంకోటి, పొడుగు కాళ్లు వచ్చాయని పెట్ట పిల్లల్ని అగ్గువకి అమ్మేయకండి. ఈ మూలన ఉంది చూడండి, ఇది అలా మిగిలిందే, వీడికి ఇప్పుడు జత ఇదే.