కరోనా కాలంలో పుట్టిన బిడ్డల తూకం

అంగన్‌వాడీ టీచర్లకి, ఆశా అమ్మాయిలకి, నర్సింగ్ చదువుతున్న పిల్లలకి నమస్కారం.

బిడ్డని గుడ్డ జోలెలో వేలాడదీసి తూచే ఈ జోలె తూకం మీలో చాలామందికి తెలుసు. కొత్తవాళ్ళ కోసం చెప్తాను. ముందు ఖాళీ జోలె తగిలించి ముల్లుని సున్నాకి తెచ్చుకోవాలి. అప్పుడు బిడ్డని పడుకోబెట్టాలి. ఏడుస్తూ కాళ్ళాడిస్తుంటే ముల్లు నిలవదు, కాసేపు ఆగాలి. 2020 జూన్‌లో మందస కొండల కింద ఒక ఊళ్ళో నాకు ఆగాల్సిన పని లేకపోయింది. ఆ పాప ఏడవలేదు. ముల్లు కిలో తొమ్మిది వందల దగ్గర వెంటనే నిలిచిపోయింది. రెండున్నర కిలోల లోపుంటే తక్కువ బరువని మనం రాసుకుంటాం కదా, ఆ గీతకి ఎంత దూరమో చూడండి.

ఆ తల్లికి కరోనా రాలేదు. ఆ ఊళ్ళోనే ఎవరికీ రాలేదు.

మన జిల్లాకి జబ్బు ఆలస్యంగా వచ్చింది. శ్రీకాకుళంలో మొదటి కేసులు ఏప్రిల్ 25 నాటికి గానీ బయటపడలేదు, విజయనగరంలో మే నెలలో. గ్రీన్ జోన్ అని అందరం ఊపిరి పీల్చుకున్నాం. కానీ మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పటి నుంచే పలాసలో జీడిపప్పు పని లేదు, కూలి లేదు. తీరం ఊళ్ళ మగవాళ్ళు గుజరాత్‌లో, వీరావల్ బోట్లలోనే ఇరుక్కుపోయారు. వాళ్ళు బస్సుల్లో ఇల్లు చేరేసరికి ఏప్రిల్ ఆఖరు, మే వచ్చేసింది. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషికి తిండి తగ్గింది, టెన్షన్ పెరిగింది.

“ఏటి తిన్నావమ్మా?” అని అడిగాను ఆ తల్లిని. “బియ్యం ఇచ్చారు కదమ్మా, అన్నమే తిన్నాను, చారేసుకొని” అంది. గుడ్లు, పాలు మన అంగన్‌వాడీ సెంటర్ నుంచే ఇంటికి ఇచ్చాం. ఇంటికిచ్చిన గుడ్డు ఇంటిల్లిపాదిదీ అవుతుంది. ముందు పిల్లలకి పెడుతుంది, తర్వాత అత్తకి. సెంటర్లో కూర్చోబెట్టి తినిపిస్తే తప్ప అది ఆమె కడుపులోకి పోదు. బిడ్డ చిన్నగా ఉంటే కాన్పు సుళువవుద్దని తక్కువ తినమనే పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, అది వేరే గొడవ.

ఏడో నెల నిండేసరికి బిడ్డ సుమారుగా కిలో ఉంటుంది. మిగతా బరువంతా ఆఖరి నెలల్లో పట్టేదే. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో పెద్ద కరువొచ్చింది. కడుపుతో ఉన్న ఆఖరి నెలల్లో ఆ కరువు తగిలిన తల్లుల బిడ్డలు దాదాపు 300 గ్రాములు తక్కువ పుట్టారు. మొదటి నెలల్లో ఆకలిపడి, తర్వాత తిండి దొరికినవాళ్ళ బిడ్డల బరువు అంతగా తగ్గలేదు. అంటే ఏడో నెలలో కూడా మన చేతిలో పని మిగిలే ఉంటుంది. నాకు ఈ ఒక్క మాట చాలా ధైర్యమిస్తుంది.

లాక్‌డౌన్ అందరికీ ఒకలా పడలేదు. ఐర్లండ్‌లో, డెన్మార్క్‌లో ఆ మొదటి నెలల్లో మరీ నెలలు తక్కువ, మరీ చిన్న బిడ్డలు పుట్టడం తగ్గిందని అక్కడి డాక్టర్లు గమనించారు. విశ్రాంతి దొరకడం, వేరే జబ్బులు అంటకపోవడం కారణం కావచ్చన్నారు. నేపాల్‌లో తొమ్మిది ఆస్పత్రులు చూస్తే కాన్పులకి వచ్చేవాళ్ళు సగానికి పడిపోయారు. వచ్చినవాళ్ళలో చనిపోయి పుట్టిన బిడ్డలు వెయ్యికి 14 నుంచి 21కి పెరిగారు. నెలలు తక్కువ కాన్పులూ పెరిగాయి. మన కొండ ఊళ్ళు ఐర్లండ్‌లా ఉంటాయా, నేపాల్‌లా ఉంటాయా అన్నది మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే దేశం మొత్తం మీద పుట్టిన బిడ్డల సగటు బరువు పెద్దగా మారలేదని ఎవరైనా అంటే నా మనసు ఒప్పుకోదు. సగటులో ఆ పాప కనపడదు.

జబ్బు తగిలిన తల్లుల సంగతి వేరు. రెండో వేవ్‌లో వైరస్ కొందరికి మాయనే దెబ్బతీసింది. బిడ్డకి ఆక్సిజన్, పోషణ అందేది ఆ మాయ నుంచే. జబ్బు తగిలినవాళ్ళలో నెలలు నిండకుండా కాన్పులూ ఎక్కువయ్యాయి. గర్భిణులకి టీకా వేయొచ్చని మన దేశంలో చెప్పింది 2021 జూలైలో, అప్పటికి రెండో వేవ్ తగ్గుముఖం పట్టింది.

నన్ను ఇప్పటికీ తొలిచేది ఒకటుంది. ఆ పాప తల్లి కార్డు తీసి చూస్తే ఏప్రిల్, మే గడులు ఖాళీ. తూకం లేదు, బీపీ లేదు, రక్త పరీక్ష లేదు. మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తం తక్కువ. అలాంటి చోట రెండు నెలలు ఎవరం వెళ్ళలేదు. అందరినీ కరోనా సర్వేకి పంపారు, నేనూ వెళ్ళాను. తల్లి బరువు పెరగడం లేదని ఏప్రిల్‌లో తెలిసుంటే ఏదో ఒకటి చేసేవాళ్ళం. జూన్‌లో బిడ్డని జోలెలో వేస్తే గానీ తెలియలేదు.

ఆ పాపని రొమ్ముకి ఆనించి, పైన చీర చుట్టి, పగలూ రాత్రీ తల్లి ఒంటి వేడిలోనే ఉంచాం. తల్లి అలిసిపోతే అమ్మమ్మ పెట్టుకునేది. పదిహేను రోజులకి బరువు పట్టడం మొదలైంది. బతికింది, ఇప్పుడు బడికి పోతోంది.

ఆ రెండేళ్ళలో పుట్టిన పిల్లలు మీ ఊళ్ళల్లోనే ఉన్నారు. వాళ్ళ తల్లుల కార్డులు ట్రంకుపెట్టెల్లో ఇంకా ఉంటాయి, తెమ్మని అడగండి. పుట్టిన బరువు ఒక పుస్తకంలో రాయండి, పక్కనే ఇప్పటి ఎత్తు, బరువు రాయండి. నా దగ్గరున్న పుస్తకంలో నలభై మంది ఉన్నారు, టీ తాగేటప్పుడు చూపిస్తాను.