కాలువలో పడిన కాసు: ఫోన్-ఇన్ కార్యక్రమం

ప్రయోక్త: శ్రోతలందరికీ నమస్కారం. రోడ్డు పక్క కాలువల్లోనూ, ఇళ్ళ మురుగు గొట్టాల్లోనూ పడిపోయిన నాణేలను, నగలను ఎలా వెతుక్కోవాలని తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి చాలామంది అడుగుతున్నందువల్ల ఈరోజు కార్యక్రమాన్ని పూర్తిగా ఆ విషయానికే కేటాయించాం. మురుగునీటి వ్యవస్థల నిర్వహణలో చిరకాలం పనిచేసి పదవీ విరమణ చేసిన ప్రజారోగ్య ఇంజనీరు గారు మనతో ఉన్నారు. మొదటి ఫోన్ భవానీ నగర్ నుంచి వచ్చింది. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం సార్. మా అత్తగారికి వాళ్ళమ్మ ఇచ్చిన విక్టోరియా రాణి బొమ్మ ఉన్న వెండి రూపాయిని మేము ఏటా వరలక్ష్మీ వ్రతానికి కలశం దగ్గర పెట్టుకుంటాం. మొన్న పూజ సామాన్లు తోముతూ ఉండగా అది చేతిలోంచి జారి, పెరట్లోని జాలీ సందులోంచి గొట్టంలోకి పోయింది. మావారు తాడుకు అయస్కాంతం కట్టి వదిలి చూశారు గానీ ఏమీ తగలలేదు. వీధిలో మ్యాన్‌హోల్ తెరిపించి ఎవరినైనా దించితే దొరుకుతుందని పక్కింటివాళ్ళు అంటున్నారు. మా అత్తగారు అప్పటి నుంచి అన్నం కూడా సరిగ్గా తినడం లేదు సార్.

ఇంజనీరు: అమ్మా, ముందుగా మీ అత్తగారికి ధైర్యం చెప్పండి. ఆ రూపాయి ఇంకా మీ ఇంటి ఆవరణలోనే ఉండి ఉంటుందని నేను గట్టిగా అనుకుంటున్నాను. ఆ కాలపు వెండి రూపాయి 11.66 గ్రాముల బరువు ఉంటుంది, అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి, మిగిలినది రాగి. ఈ రెండు లోహాలనూ అయస్కాంతం పట్టదు కాబట్టి ఏమీ తగలలేదంటే నాణెం అక్కడ లేదని అర్థం కాదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో వేసిన నికెల్ రూపాయి, ఇప్పటి ఉక్కు రూపాయి అయితే అయస్కాంతానికి అంటుకుంటాయి గానీ వెండి, బంగారం, ఇత్తడి రంగులో ఉండే అయిదు రూపాయల బిళ్ళ అంటుకోవు.

ఇక నాణెం ఎక్కడ ఉంటుందో చెబుతాను. కాలువలో దొర్లే ఇసుక నీటికంటే రెండున్నర రెట్లకు కాస్త పైన బరువు ఉంటే, వెండి పదిన్నర రెట్లు, బంగారం పంతొమ్మిది రెట్లు బరువు. అందువల్ల సన్నగా పారే నీళ్ళు ఇసుకను తోసుకుపోయినా నాణేన్ని అంత తేలికగా కదిలించలేవు. అది మొదట ఎదురైన గుంటలో కూర్చుండిపోతుంది. మీ జాలీ కిందనే గొట్టానికి ఒక వంపు ఉంటుంది, దానిని ప్లంబర్లు ట్రాప్ అంటారు, వాసన పైకి రాకుండా అందులో ఎప్పుడూ కొంచెం నీళ్ళు నిలిచి ఉంటాయి. ముందు ఆ పెరటి గొట్టంలోకి నీళ్ళు పోకుండా ఆపండి. బకెట్లతో నీళ్ళు కుమ్మరించడం, యాసిడ్ పోయడం అసలు చేయవద్దు. జాలీ ఊడదీసి, మందమైన రబ్బరు తొడుగు వేసుకున్న చేత్తో ఆ వంపు అడుగున పేరుకున్న బురదను కొంచెం కొంచెంగా తీసి, పళ్ళెంలో పరచి చూడండి. అక్కడ లేకపోతే ప్లంబరును పిలిపించి, ప్రహరీ లోపల ఉండే చిన్న చాంబర్ మూత తీయించి, నీరు బయటికి వెళ్ళే గొట్టం నోటికి దోమతెర గుడ్డ అడ్డం కట్టించి, అడుగున ఉన్న బురదను పొడుగు కాడ గరిటెతో పైనుంచే తీయించండి. ఎవరూ అందులోకి తల వంచకూడదు. వీధిలోని మ్యాన్‌హోల్ మాట మాత్రం మరచిపోండి.

శ్రోత: దొరికితే మామూలుగా తోముకోవచ్చా సార్?

ఇంజనీరు: అది నల్లగా మారి కనిపిస్తే కంగారు పడకండి. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు వెండితో కలిసి పైన నల్లటి పొరను కడుతుంది. ముందు సబ్బు నీళ్ళతో బాగా కడిగి, తరువాత గిన్నెలో అల్యూమినియం రేకు పరచి, వేడినీళ్ళు, వంటసోడా వేసి నాణేన్ని ఆ రేకుకు తగిలేలా ఉంచితే ఆ నలుపు చాలావరకు పోతుంది. పీచుతో రుద్దితే రాణి ముఖం అరిగిపోతుంది. అయితే అమ్మా, వీధి మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించవద్దని నేను ఎందుకు అన్నానో కూడా వినండి. మీ రూపాయిని నల్లబరిచే ఆ వాయువే కింద మనిషి ప్రాణం తీసేది.

ప్రయోక్త: ఆ సంగతి వివరంగా అడగాల్సిన శ్రోతే ఇప్పుడు లైన్‌లో ఉన్నారు. చిత్తూరు కొంగారెడ్డిపల్లె నుంచి ఒక విద్యార్థి మాట్లాడుతున్నారు.

శ్రోత: నమస్తే సార్. విదేశాల్లో కొందరు నగరాల కింద ఉన్న కాలువల్లోకి దిగి పాత నాణేలు, ఉంగరాలు వెతికి తీస్తున్న వీడియోలు చాలా చూశాం. నేనూ నా స్నేహితులూ కలిసి లోహాలను గుర్తించే పరికరం ఒకటి కొన్నాం. ఎండాకాలంలో నీళ్ళు తక్కువగా ఉన్నప్పుడు పెద్ద కాలువలోకి దిగాలని అనుకుంటున్నాం. ముఖానికి తడి గుడ్డ కట్టుకుని, ముందుగా దీపం దించి చూసి, అది ఆరిపోకపోతేనే దిగుతాం సార్.

ఇంజనీరు: నాయనా, మీరు దిగకముందే ఫోన్ చేసినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. ఈ పని కొత్తది కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో లండన్ నగరం కింద ఇటుకతో కట్టిన మురుగు సొరంగాల్లో నాణేలు, వెండి చెంచాలు, ఇనుప ముక్కలు ఏరుకుని బతికినవాళ్ళు ఉండేవారు, వాళ్ళను టోషర్లు అనేవారు. ఛాతీకి లాంతరు కట్టుకుని, కొసకు ఇనుప పార బిగించిన పొడుగాటి కర్ర పట్టుకుని, ముగ్గురు నలుగురు కలిసి తిరిగేవారు. ఆ కర్రతో అడుగు ముందు నేలను పొడిచి చూసుకునేవారు, బురదలో దిగబడితే దానిని దేనికైనా తగిలించి పైకి లాక్కునేవారు. థేమ్స్ నదిలో పోటు వచ్చే వేళలు వాళ్ళకు కంఠస్థం. 1840 ప్రాంతంలోనే అనుమతి లేకుండా ఆ సొరంగాల్లోకి దిగడాన్ని అక్కడ నిషేధించారు. పుట్టినప్పటి నుంచీ ఆ దారులు తెలిసినవాళ్ళు కూడా విషవాయువు నిండిన పక్క సొరంగాల్లోకి పోయి తిరిగి రాని సందర్భాలు ఉన్నాయి. మీరు చూసిన వీడియోల్లో ఏది చూపించారో, ఏది కత్తిరించారో మనకు కనిపించదు.

ఇప్పుడు మీ జాగ్రత్తల సంగతి చూద్దాం. తడి గుడ్డ దుమ్మును ఆపుతుంది గానీ వాయువును ఆపలేదు, లేని ప్రాణవాయువును తెచ్చి ఇవ్వలేదు. దీపం ఆరకపోవడమంటే అది మండడానికి సరిపడా ప్రాణవాయువు ఉందని మాత్రమే అర్థం. హైడ్రోజన్ సల్ఫైడ్ ప్రాణం తీసే మోతాదులో ఉన్నా దీపం చక్కగా వెలుగుతూనే ఉంటుంది. పైగా కింద మీథేన్ చేరి ఉంటే ఆ దీపమే పేలుడుకు కారణం అవుతుంది.

శ్రోత: కుళ్ళిన గుడ్ల వాసన వస్తే వెంటనే బయటికి వచ్చేస్తాం కదా సార్?

ఇంజనీరు: అసలైన ప్రమాదం అక్కడే ఉంది నాయనా. గాలిలోని పది లక్షల పాళ్ళలో ఈ వాయువు 100 పాళ్ళకు చేరేసరికి కొద్ది నిమిషాల్లోనే మన ముక్కు వాసన పట్టే శక్తిని కోల్పోతుంది, అప్పుడు వాసన తగ్గిపోయిందని మనిషి ఇంకా ముందుకు నడుస్తాడు. 500 దాటితే నిమిషాల్లో కుప్పకూలుతాడు, 1000 దగ్గర ఒకటి రెండు శ్వాసలే చాలు. ఇది గాలికంటే బరువైనది కావడం వల్ల అడుగునే పేరుకుంటుంది. నిలవ ఉన్న బురదలో బుడగలుగా చిక్కుకుని ఉన్న వాయువు కాలితో కెలికినప్పుడు ఒక్కసారిగా పైకి లేస్తుంది. నాణేల కోసం వెతకడమంటే ఆ బురదను కెలకడమే కదా. ఎండాకాలంలో నీళ్ళు తక్కువగా ఉండటం మీకు మేలు అనిపిస్తోంది గానీ, పారుదల తగ్గి, వేడి పెరిగినప్పుడే మురుగు ఎక్కువగా కుళ్ళి ఈ వాయువు ఎక్కువగా పుడుతుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. మొదట దిగినవాడు పడిపోతే అతన్ని కాపాడాలని రెండోవాడు, వాళ్ళిద్దరినీ చూసి మూడోవాడు దిగుతారు. మ్యాన్‌హోల్ ప్రమాదాల్లో ఒకరి వెంట ఒకరు ప్రాణాలు కోల్పోవడం వార్తల్లో పదే పదే చదువుతున్నాం. స్నేహం గట్టిదైన కొద్దీ ఆ ప్రమాదం పెరుగుతుంది. ఎవరైనా లోపల పడిపోతే పైనున్నవాళ్ళు దిగకుండా వెంటనే 101కు గానీ 112కు గానీ ఫోన్ చేయాలి, గాలి సిలిండరు, తాడు, కప్పీ ఉన్న అగ్నిమాపక సిబ్బంది మాత్రమే దిగాలి.

ప్రయోక్త: వాన నీటి కాలువల్లో అయినా ఈ ప్రమాదం ఉండదా?

ఇంజనీరు: ఉంటుంది. పేరుకు అవి వాన నీటి కాలువలే అయినా ఎన్నో ఇళ్ళ మురుగు వాటిలోనే కలుస్తోంది, పైన పలకలు పరిచిన చోట గాలి ఆడదు. తిరుపతిలో అయితే శేషాచలం కొండల్లో కురిసిన వాన ఎంత వేగంగా ఊరి మీదికి వస్తుందో 2021 నవంబరులో మనమంతా కళ్ళారా చూశాం. కొండ మీద మబ్బు పట్టినట్టు కాలువలో ఉన్నవాడికి తెలియదు. నాయనా, ఆ పరికరం మీద మీకు అంత ఇష్టం ఉంటే సొంత పొలంలోనో, తెలిసినవారి పొలంలోనో వారి అనుమతితో వాడుకోండి. ఒకవేళ భూమిలో పాత నాణేలు బయటపడితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, వాటి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి.

ప్రయోక్త: తరువాతి శ్రోత గాంధీ రోడ్డు దగ్గర నగలు తయారు చేసే చిన్న దుకాణం నడుపుతున్నారు.

శ్రోత: నమస్కారమండీ. మా పనిలో రాపిడి పొడి, తునకలు కడిగిన నీళ్ళతో పాటు కాలువలోకి పోతాయి. ఏళ్ళ తరబడి పోయిన బంగారం కింద ఎంతో ఉంటుందని ఒకతను వచ్చి, తానే మనిషిని దించి బురద తీయిస్తానని, వచ్చినదానిలో సగం ఇవ్వమని అడుగుతున్నాడు. ఒప్పుకోవచ్చా?

ఇంజనీరు: ఒప్పుకోవద్దండీ. బంగారం పోతోందన్న మాట నిజమే. జపాన్‌లోని సువా పట్టణంలో మురుగు శుద్ధి కేంద్రపు బూడిదలో టన్నుకు దాదాపు 1,890 గ్రాముల బంగారం ఉన్నట్టు 2009లో వెల్లడైంది, దానికి ఆ ప్రాంతంలోని సూక్ష్మ పరికరాల పరిశ్రమలు కారణమని చెప్పారు. అయితే వాళ్ళు దానిని శుద్ధి కేంద్రంలో యంత్రాలతో రాబట్టారు, మనిషిని గొట్టంలోకి దించలేదు. మన దేశంలో 2013 నాటి చట్టం రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించి శుభ్రం చేయించడాన్ని నిషేధించింది. మొదటిసారి నేరానికే రెండేళ్ళ వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మధ్యవర్తి ద్వారా చేయించాను అంటే తప్పించుకోలేరు. అలా చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయలు చెల్లించాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. మన పక్కనే ఉన్న కోలారు బంగారు గనుల ఊళ్ళో, పారిశుద్ధ్య కార్మికుల ఇంట పుట్టిన బెజవాడ విల్సన్ గారు ఈ పనిని రూపుమాపడం కోసమే జీవితం ధారపోశారు, 2016లో ఆయనకు మెగసెసె పురస్కారం వచ్చింది. సగం మీకు, సగం తనకు అంటున్న ఆ మనిషి, దిగేవాడికి ఎంత ఇస్తానన్నాడో మీకు చెప్పాడా?

శ్రోత: లేదండీ, ఆ మాటే రాలేదు.

ఇంజనీరు: రాదండీ. ఆ లెక్కలో దిగేవాడు ఎప్పుడూ ఉండడు. మీ బంగారం కాలువ దాకా పోకుండా చూసుకోవడమే మేలు. చేతులు కడిగే తొట్టి కింద మూడు గదులున్న చిన్న ట్యాంకు పెట్టించుకుంటే నీరు నెమ్మదిగా ఒక గది నుంచి మరో గదికి పొర్లుతుంది, పొడి అడుగున నిలిచిపోతుంది. ఆ మట్టిని, దుకాణం ఊడ్చిన చెత్తను శుద్ధి చేసేవారికి ఇవ్వండి. ఇంట్లో పాదరసం వేసి వేడి చేసే పద్ధతి మాత్రం వద్దు, ఆ ఆవిరి నరాలను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

ప్రయోక్త: చివరి ఫోన్. చెప్పండమ్మా, ఎక్కడి నుంచి?

శ్రోత: తిరుపతి నుంచే సార్. నేను బజారులో కాలువల నుంచి తీసి గట్టున వేసిన మట్టిని జల్లెడ పట్టి చిల్లర, బంగారు తునకలు ఏరుకుంటాను. లోపలికి ఎప్పుడూ దిగను. పోయిన వానాకాలంలో జ్వరం వచ్చి, పిక్కలు విపరీతంగా నొప్పి పుట్టి, కళ్ళు ఎర్రబడ్డాయి. మళ్ళీ వాన మొదలైంది, భయంగా ఉంది సార్.

ఇంజనీరు: అమ్మా, మీరు చెప్పిన లక్షణాలు ఎలుక జ్వరానికి సరిపోతాయి. అది అవునో కాదో వైద్యులే తేల్చాలి గానీ, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళు, బురద కాళ్ళ పగుళ్ళలోంచి, గాయాల్లోంచి ఒంట్లోకి పోయి ఆ జబ్బు వస్తుంది. అశ్రద్ధ చేస్తే కామెర్లు వచ్చి మూత్రపిండాల దాకా పోతుంది. మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు, మందమైన తొడుగులు లేకుండా ఆ మట్టి ముట్టుకోవద్దు. గాయం ఉన్న రోజు పనికి పోవద్దు. పని అవగానే సబ్బుతో కడుక్కునే వరకు ఆకు, వక్క నోట్లో పెట్టుకోవద్దు. ధనుర్వాతం టీకా వేయించుకోండి. ఈసారి జ్వరం తగిలితే మాత్రల షాపుకు వెళ్ళకుండా నేరుగా రుయా ఆసుపత్రికి వెళ్ళి, కాలువ మట్టిలో పనిచేస్తానని మీరే ముందుగా డాక్టరుకు చెప్పండి. వాళ్ళు అడగకపోయినా చెప్పండి, ఆ ఒక్క మాటతో వాళ్ళు ఏ పరీక్ష చేయాలో తేలికగా నిర్ణయించుకుంటారు. మొదట్లోనే మందు పడితే ఇది నయమయ్యే జబ్బు.

శ్రోత: అట్లనే చెప్తాను సార్. ఏరుకునేటప్పుడు ఉంగరం లాంటిది దొరికితే ఏం చేయాలి?

ఇంజనీరు: నగ దొరికితే దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. ఎవరిదో తెలిసీ ఉంచుకుంటే చట్టప్రకారం నేరం అవుతుంది, పైగా దొంగతనం మోపే ప్రమాదం మీలాంటివారికే ఎక్కువ. మట్టి ఏరుకోవడానికి నగరపాలక సంస్థ పారిశుద్ధ్య విభాగంలో ముందుగా అడిగి ఉంచుకుంటే ఎవరూ మిమ్మల్ని తరిమేయరు. బూట్ల సంగతి కూడా అక్కడే అడగండి అమ్మా, అడగడానికి మొహమాటపడకండి.