మెడికల్ కాలేజీ ఆప్షన్లు పెట్టే ముందు
(నల్లగొండలో ఇంటర్ బైపీసీ విద్యార్థులకు, తల్లిదండ్రులకు చేసిన ప్రసంగ పాఠం)

తమ్ముళ్లు, చెల్లెండ్లు, వెంట వచ్చిన పెద్దలందరికీ నమస్కారం.

మన రాష్ట్రంలో ఎంబీబీఎస్ సీట్లు నింపే కాళోజీ హెల్త్ యూనివర్సిటీ వెబ్ ఆప్షన్లు తెరిచాక, అంటే ఆన్‌లైన్‌లో కాలేజీలను మీ ఇష్టం వరుసలో పెట్టమన్నాక, మీకు దొరికేది కొద్ది రోజులే. కాలేజీలు చూడాలంటే ఇప్పుడే వెళ్లి రండి. మహబూబ్‌నగర్ సర్కారు కాలేజీ 2016లో, నల్లగొండ, సూర్యాపేట 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తి 2022లో, గద్వాల, నారాయణపేట, భువనగిరి 2024లో మొదలయ్యాయి. ప్రైవేటులో నార్కట్‌పల్లి కామినేని, మహబూబ్‌నగర్ ఎస్వీఎస్ ఉన్నాయి. బీబీనగర్ ఎయిమ్స్ పక్కనే ఉన్నా దాని సీట్లు నింపేది ఢిల్లీలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ). దానికి విడిగా రిజిస్టర్ కావాలి.

వెళ్లినప్పుడు ఆడిటోరియం, ఏసీ లైబ్రరీ చూసి మురిసిపోకండి. పనిదినం పొద్దున పదింటికి ఓపీ చీటీల క్యూ దగ్గర నిలబడండి. సాయంత్రం మెడిసిన్, సర్జరీ, ప్రసూతి వార్డుల్లో ఒక చుట్టు తిరగండి. 150 సీట్ల కాలేజీకి జాతీయ మెడికల్ కమిషన్ 2023 నిబంధనల ప్రకారం 605 పడకలుండాలి. పడకలుంటాయి, వాటి మీద మనుషులున్నారా అన్నదే చూడాలి. తనిఖీ వారంలోనే నిండే వార్డులో చదువు రాదు. మన జిల్లాల్లో పురుగుమందు తాగినవాళ్లు, పాము కాటు కేసులు, హైవే ప్రమాదాలు ఎక్కువ. అవి నేరుగా వచ్చే దవాఖానలో క్యాజువాలిటీ డ్యూటీ చేసిన హౌస్‌సర్జన్‌కు (చదువయ్యాక ఇంటర్న్‌షిప్ చేసేవాళ్లకు) పనిలో చేయి తిరుగుతుంది.

ఫస్టియర్ వాళ్లను అడిగితే హాస్టల్ కూర గురించే చెబుతారు. ఫైనలియర్ వాళ్లను, హౌస్‌సర్జన్లను పట్టుకోండి. మంచం దగ్గర క్లాసుకు బ్యాచ్‌లో ఎంతమంది? చెప్పేది ప్రొఫెసరా, ఇంకెవరైనానా? కాన్పులు చేయనిస్తారా, చూడనిస్తారా? స్టైపెండ్ నెలనెలా ఖాతాలో పడుతుందా? పీజీలు, అంటే ఎంబీబీఎస్ అయ్యాక ఎండీ, ఎంఎస్ చదివే డాక్టర్లు, ఎక్కువున్నచోట చేతిపనులు వాళ్లకే పోతాయి. అయితే రాత్రిపూట కేసు విడమరిచి చెప్పేదీ వాళ్లే. నా మటుకు కొద్దిమంది పీజీలున్న, రోగులు ఎక్కువున్న పాత కాలేజీయే మేలు. కొత్త కాలేజీలో తొలి బ్యాచ్‌లకు అడగడానికి సీనియర్లే ఉండరు.

ఇక పైసలు. ప్రైవేటులో ఎ కేటగిరీ (కన్వీనర్ కోటా) ట్యూషన్ ఫీజు ఏడాదికి 60 వేలుగా ఉంటూ వచ్చింది. బి కేటగిరీకి (మేనేజ్‌మెంట్ కోటా) లక్షల్లో లెక్క. హాస్టల్, మెస్, డిపాజిట్ అన్నీ కలిపి కాగితం మీద రాయించుకోండి. కోర్సు నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. చివరి అర్ధ సంవత్సరానికి ఎంత తీసుకుంటారో ముందే అడగండి.

ఆప్షన్ల వరుసలో చాలామంది తప్పుతారు. 'ఇది ఎట్లాగూ రాదు' అని మంచి కాలేజీని కిందికి తోస్తారు, పైన పెట్టినది వచ్చేస్తుంది. కంప్యూటర్ మీ నీట్ ర్యాంకు వంతు రాగానే మీ జాబితాను పైనుంచి చూసుకుంటూ వస్తుంది. రానిదాన్ని పైన పెట్టినా నష్టం లేదు. తరువాతి రౌండ్లో మాత్రం చేతిలో ఉన్న సీటు కన్నా మేలైనవే పెట్టండి. కొత్త సీటు పడిందంటే పాతది దానంతటదే రద్దవుతుంది, మళ్లీ రాదు.