సూర్యద్వీపం రివ్యూ: టిటికాకా సరస్సులో ఇన్కాల పుణ్యక్షేత్రానికి ఒక చిన్న ప్రయాణం

నమస్కారం. ఈ రోజు బొలీవియా దేశంలో, టిటికాకా సరస్సు మధ్యనున్న ఇస్లా దెల్ సోల్ గురించి, అంటే సూర్యద్వీపం గురించి మాట్లాడుకుందాం. పెరూలో మాచు పిచ్చు, అంటే స్పెయిన్‌వారు రాకముందు ఆండీస్ పర్వతాలను ఏలిన ఇన్కాల పాత కొండపట్నం, చూసిన తరువాత కొద్దిపాటి సెలవు మిగిలితే ఈ దీవికి వెళ్లడం దండగా, లాభమా అన్నది, ముఖ్యంగా అమెరికా నుంచి ఆ వైపు వెళ్లే మనవాళ్లకు, ఎదురయ్యే ప్రశ్న. నా సమాధానం ముందే చెప్పేస్తాను. తప్పక వెళ్లవచ్చు, కానీ ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగివచ్చే టూరు మాత్రం తీసుకోవద్దు. ఒక రాత్రి దీవిపైనే ఉండి, దక్షిణపు కొస నుంచి ఉత్తరపు కొస దాకా కాలినడకన వెళ్లగలిగితేనే పెట్టిన ఖర్చుకూ పడిన శ్రమకూ ఫలితం దక్కుతుంది.

మొదట ఎత్తు సంగతి. సరస్సు నీటిమట్టమే సముద్రమట్టానికి 3,812 మీటర్ల ఎత్తున ఉంది. లేహ్ వెళ్లి వచ్చినవారికి అక్కడి మొదటి రోజు తలనొప్పి గుర్తుండే ఉంటుంది. ఇది లేహ్ కన్నా సుమారు 300 మీటర్లు ఎక్కువ. ఇక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతుల లోపే కాబట్టి, ఊపిరి ఎంత గట్టిగా పీల్చినా చాలనట్టే ఉంటుంది. ఈ అస్వస్థతను స్థానికులు సొరోచే అంటారు, దానికి కోకా ఆకులు వేసి మరిగించిన వేడి నీళ్లు ఇస్తారు. తాగవచ్చు, తాగితే కొంత తెరిపిగానే ఉంటుంది. అయితే ఆ ఆకులను గానీ, వాటి టీ పొట్లాలను గానీ జ్ఞాపకార్థం సంచిలో వేసుకుని రాకండి. భారతదేశంలోనూ అమెరికాలోనూ అది చట్టరీత్యా నేరం. ఎత్తు వల్ల వచ్చే అస్వస్థతకు వాడే డయామాక్స్ వంటి మందులు వైద్యుణ్ణి అడిగిన తరువాతే వాడాలి. నేరుగా విమానంలో లా పాజ్‌కు దిగేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఆ నగరపు విమానాశ్రయం 4,000 మీటర్లకు పైనే ఉంది. పెరూ వైపు నుంచి కుస్కో, పూనో మీదుగా మెల్లగా ఎక్కుతూ రావడం శరీరానికి సులువు.

దీవికి వెళ్లాలంటే ముందు ఒడ్డునున్న కోపకబానా అనే చిన్న పట్టణం చేరాలి. లా పాజ్ నుంచి బస్సులో నాలుగు గంటలు పడుతుంది. మధ్యలో టికీనా జలసంధి దగ్గర ఒక వింత చూస్తారు. ప్రయాణికులను దింపి చిన్న పడవ ఎక్కిస్తారు, బస్సును మాత్రం చెక్క బల్లకట్టుపైకి ఎక్కించి దాటిస్తారు. బల్లకట్టు మీద ఊగుతూ వచ్చే బస్సులో మన సామాను ఉందన్న ఆలోచన కాస్త కలవరపెడుతుంది గానీ, అక్కడివారికి అది రోజువారీ వ్యవహారం. కోపకబానాలోని మేరీమాత విగ్రహాన్ని 1583లో ఇన్కా వంశీకుడైన ఫ్రాన్సిస్కో టీటో యుపాంకీ చెక్కాడు. బ్రెజిల్‌లోని ప్రసిద్ధ సముద్రతీరానికి కోపకబానా అనే పేరు ఈ తల్లి వల్లనే వచ్చింది. కొత్త కార్లకు పూలు కట్టి చర్చి ముందు వరుసగా నిలబెట్టి ఆశీర్వాదం చేయించడం చూస్తే, మన వాహన పూజలు తెలిసినవారికి నవ్వు రాక మానదు.

కోపకబానా నుంచి దీవి దక్షిణపు రేవుకు లాంచీలో గంటన్నర ప్రయాణం. లాంచీలు నిదానంగా నడుస్తాయి, పైకప్పు మీద కూర్చుంటే చలిగాలి కోసేస్తుంది, లోపల కూర్చుంటే డీజిల్ వాసన. నేనైతే చలినే ఎంచుకుంటాను, ఎందుకంటే తూర్పున మంచు కప్పుకున్న రాయల్ పర్వతశ్రేణి, అందులో 6,368 మీటర్ల ఇల్యాంపు శిఖరం దారి పొడుగునా కనిపిస్తూనే ఉంటాయి.

ఇప్పుడు తెర మీద కనిపిస్తున్నవి దీవి దక్షిణాన ఉన్న యుమాని గ్రామపు రేవు నుంచి పైకి వెళ్లే ఇన్కా మెట్లు, మొత్తం 206. సంఖ్య చూసి తేలిక అనుకోవద్దు. మెట్లు అయిపోయినా ఎక్కుడు అయిపోదు. ఊరి బసలు ఇంకా చాలా పైన ఉంటాయి. దీవిలో మోటారు బండ్లు లేవు, బరువంతా గాడిదలే మోస్తాయి. గ్యాస్ సిలిండర్లు కట్టుకుని వచ్చే గాడిదకు దారి ఇచ్చే నెపంతో నిలబడి దమ్ము తీసుకోవడం అందరూ చేసే పనే. మెట్ల పక్కన మూడు ధారలుగా పారే ఒక ఊట ఉంది. దొంగిలించకు, అబద్ధమాడకు, సోమరిగా ఉండకు అనే మూడు ఇన్కా నియమాలకు అవి గుర్తులని గైడ్లు చెబుతారు. పెద్ద సామాను కోపకబానాలోనే వదిలి, ఒక రాత్రికి సరిపడా చిన్న సంచితో రండి.

రాత్రి బస గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఇక్కడి ఆదివాసులైన ఐమారా కుటుంబాలు నడిపే సాదా గదులు శుభ్రంగానే ఉంటాయి, దుప్పట్లు బరువుగా ఉంటాయి, వేడినీళ్లు మాత్రం మన అదృష్టం. భోజనంలో ట్రౌట్ చేప ప్రధానం; అది ఈ సరస్సుకు చెందినది కాదు, 20వ శతాబ్దంలో బయటి నుంచి తెచ్చి వదిలినది. శాకాహారులకు కినువా అనే చిరుగింజల సూపు, రకరకాల బంగాళాదుంపలు, అన్నం, గుడ్డు తినేవారైతే ఆమ్లెట్ దొరుకుతాయి. సూపులో మాంసం కాచిన నీళ్లు పోస్తారేమో ముందే అడగాలి. ఇంత ఎత్తున నీళ్లు సుమారు 87 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి వంట ఆలస్యమవుతుంది. ఆకలి వేశాక కాకుండా ఓ గంట ముందే చెప్పి పెట్టండి. బొలీవియానో నోట్లు, అందులోనూ చిల్లర, వెంట ఉంచుకోండి. ఒక్కొక్క గ్రామం తన సరిహద్దులో ప్రవేశ రుసుము వసూలు చేసి చీటీ ఇస్తుంది.

ఇక శిథిలాలు. దక్షిణాన పిల్కోకైనా అనే రెండంతస్తుల రాతి కట్టడం ఉంది. రాళ్లను ఒకదానిపై ఒకటి కొంచెం కొంచెం ముందుకు జరిపి కప్పు మూసిన గదులు చూడదగినవే, అరగంట చాలు. మాచు పిచ్చు చూసిన కళ్లకు ఇది చిన్నదిగానే కనిపిస్తుంది. ఒక్క పూట టూరులో వచ్చినవారు చాలామంది ఇది చూసి, ఫొటో దిగి, ఇంతేనా అనుకుంటూ లాంచీ ఎక్కుతారు. వారిని తప్పు పట్టలేం. ఈ దీవి గొప్పతనం కట్టడాల్లో లేదు, అవి ఏ దారిలో ఏ క్రమంలో వస్తాయన్న దాంట్లో ఉంది. ఇన్కాల కాలంలో భక్తులు ఉపవాసాలతో కోపకబానా చేరి, అక్కడి నుంచి యంపుపాతా కొస దాకా నడిచి, పడవలో దీవి దక్షిణానికి దాటి, శిఖరాల వెంట ఉత్తరానికి నడిచేవారు. ఇప్పటి టూర్లలో ఎక్కువ భాగం ప్రయాణికులను ముందు ఉత్తరాన దింపి దక్షిణానికి నడిపిస్తాయి. దిగుడు సౌకర్యం కోసం చేసే ఏర్పాటే కావచ్చు గానీ, దానివల్ల గర్భగుడి ముందు, గాలిగోపురం తరువాత చూసినట్టవుతుంది. అందుకే దక్షిణం నుంచి ఉత్తరానికి నడవమంటున్నాను. మూడు నాలుగు గంటల నడక. చెట్టు నీడ దాదాపు ఉండదు, ఎండ చల్లగా అనిపిస్తూనే చర్మాన్ని కాల్చేస్తుంది.

దారి చివర, నేల మీది బండలో రెండు పెద్ద పాదాల ఆకారంలో సహజంగా ఏర్పడ్డ గుర్తులు కనిపిస్తాయి. వాటిని సూర్యుని అడుగులంటారు. అవి దాటగానే ఎడమన, కుడిన అని చూపించదగ్గ గోపురమేదీ ఉండదు. ఎదురుగా ఎర్రటి ఇసుకరాతి గుట్ట ఒకటి నిలువుగా లేచి ఉంటుంది. అదే టిటికాకా శిల, సరస్సుకు పేరిచ్చిన రాయి. లోకమంతా చీకటిగా ఉన్నప్పుడు సూర్యుడు దీని నుంచే పుట్టాడని ఇన్కాల విశ్వాసం. 1653లో రాసిన బెర్నబే కోబో అనే పాద్రీ, ఈ బండకు బంగారు రేకులు, అత్యంత సన్నని నేతవస్త్రాలు కప్పేవారని నమోదు చేశాడు. సామాన్య భక్తులను బండ దగ్గరికి రానిచ్చేవారు కాదు, ప్రహరీ బయటి నుంచే దర్శనం. ఈ దీవిలో ప్రత్యేకంగా పండించిన మొక్కజొన్న గింజ ఒక్కటి దొరికితే ఇంట ధాన్యానికి లోటుండదని నమ్మేవారు. శిల ముందరి ఆవరణ నుంచి చూస్తే, జూన్ అయనాంతం నాడు, అంటే అక్కడ ఏడాదిలో అతి చిన్న పగలున్న రోజు, సూర్యుడు వాయవ్యపు గుట్ట మీద రెండు స్తంభాల మధ్య అస్తమించేలా ఇన్కాలు ఏర్పాటు చేశారు. ఆ స్తంభాల పునాదులను 1990లలో పరిశోధకులు గుర్తించారు. ఈ సంగతులు తెలియకుండా వెళితే అది మామూలు బండే. అక్కడ వివరాల బోర్డులను నమ్ముకోకుండా, ముందే చదువుకుని వెళ్లాలి లేదా ఊరి గైడ్‌ను పెట్టుకోవాలి.

కొంచెం కిందనే చింకానా అనే శిథిల కట్టడం ఉంది. మట్టితో అతికిన మోటు రాళ్ల గోడలు, పైకి సన్నబడే ద్వారాలు, ఒక గదిలోంచి మరో గదిలోకి తిప్పే సందులు. ద్వారబంధాల కింద నడుము వంచకపోతే నుదురు తగులుతుంది. కిటికీల్లోంచి కనిపించే నీలపు నీటిలోనే మరో కథ ఉంది. దీవికి ఉత్తరాన ఖోవా అనే నీట మునిగిన దిబ్బ దగ్గర 2013లో ఈతగాళ్లైన పురావస్తు పరిశోధకులు ప్యూమా అనే కొండసింహం ఆకారపు ధూపపాత్రలు, బంగారు ఆభరణాలు, బలి ఇచ్చిన లామాల (ఒంటె జాతి పెంపుడు జంతువుల) ఎముకలు వెలికితీశారు. అవి ఇన్కాల కన్నా శతాబ్దాల ముందరి తివనాకు అనే నాగరికత కాలానివి. అంటే ఇన్కాలు 15వ శతాబ్దంలో దీన్ని స్వాధీనం చేసుకునేనాటికే ఇది పాత పుణ్యక్షేత్రం.

పక్కనున్న చంద్రద్వీపం సమయం మిగిలితేనే. ఇక్కడ ఇంకొక ముఖ్యమైన విషయం: 2017లో దీవిలోని చల్లా, చల్లపంపా గ్రామాల మధ్య పర్యాటక వసతుల విషయమై గొడవ ముదిరి, ఉత్తర భాగాన్ని సంవత్సరాల పాటు పర్యాటకులకు మూసివేశారు. తరువాత తెరిచారు. అయినా టిక్కెట్టు కొనే ముందు ఉత్తరం తెరిచే ఉందా, అక్కడి నుంచి తిరుగు లాంచీ ఎన్ని గంటలకు అని కోపకబానాలోనే అడగండి. మే నుంచి సెప్టెంబరు దాకా ఆకాశం తేటగా ఉంటుంది, రాత్రుళ్లు మాత్రం గడ్డకట్టే చలి. డిసెంబరు నుంచి మార్చి దాకా వానలు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని పెద్దలు వెంట ఉన్నవారు కోపకబానాలోనే ఆగి, కొండ మీది కల్వరి నుంచి కాకుండా ఒడ్డునే కూర్చుని సూర్యాస్తమయం చూడటం మేలు. ఆ కల్వరి కొండ ఎక్కడం కూడా ఇన్కా మెట్లకు తీసిపోదు.